క్షేమం అని రాసే గడి

పోయినవారం మనం టైలరక్కని కుట్టుమిషను ముందు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులతో వదిలేసి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుంది. ఆ సూదులు ఎలా బయటికొచ్చాయో చెప్పేముందు, కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చూద్దాం.

ఆ వీధికి ఒక పోలీసాయన ఉన్నాడు. బండిలో వచ్చి బండిలో పోయే రకం కాదు, నడుస్తాడు. సాయంత్రం సరిగ్గా ఐదింటికి బస్టాపు మలుపులో కనిపిస్తాడు. గుమ్మానికో పలకరింపు చొప్పున వీధి రెండు వైపులా తిరిగి ఎనిమిదింటికి వెళ్తాడు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆయన ‘ఐదింటాయన’. టైలరక్క కొట్టు గుమ్మం పక్కన మేకుకి ఒక రేకు పెట్టె వేలాడుతుంటుంది. బీట్ పుస్తకం అందులోనే. వచ్చినట్టుగా ఆయన సంతకం పెడితే, పక్కన ‘విశేషాలు’ అన్న గడీ, చివర ‘ఇంటివారి సంతకం’ అన్న గడీ నింపడం టైలరక్క పని.

ఆ విశేషాల గడి దగ్గరే వచ్చింది తంటా అంతా. ఏణ్ణర్ధంగా టైలరక్క అందులో రోజూ ఒకే మాట రాసింది, ముత్యాల్లాంటి అక్షరాలతో: క్షేమం. మలుపులో దీపం వెలగని రోజున ఆయన దగ్గరుండి దాన్ని వెలిగించాడు. క్షేమం. కుళాయి దగ్గర రెండిళ్ళవాళ్ళు బిందెలెత్తితే ఆయన మధ్యలో నిలబడి ఇద్దర్నీ నవ్వించాడు. క్షేమం. గొడవని గొడవ అని రాస్తే మంచి మనిషి పేరుకి మచ్చ కదా అనుకుంది పిచ్చితల్లి. ఐదువందల పైచిలుకు క్షేమాలు చూసిన కొత్త ఇన్‌స్పెక్టరమ్మ, ఏమీ జరగని వీధికి మనిషెందుకు అంది. వచ్చే నెల ఒకటి నుంచి నడక బంద్. రోజుకి రెండుసార్లు బండి వచ్చి పోతుంది. ఆఖరి మాట చెప్పేముందు వీధివాళ్ళతో మాట్లాడటానికి ఇవాళ మూడింటికి వస్తానంది. అన్నట్టే వచ్చింది. బండి కొట్టు ముందు ఆగింది. అదీ సంగతి.

టైలరక్క కన్ను ముందు ఆవిడ మొహం మీద పడలేదు, చొక్కా రెండో గుండీ మీద పడింది. అది ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది. యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. దువ్వి కట్టిన నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఆ గుండీ ఒక్కటే అల్లరిగా ఉంది.

“ఇక్కడ టైలరెవరు?” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

“మ్మ్” అంది టైలరక్క.

మూల స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్న పిన్ని తల కూడా ఎత్తకుండా, “అదేనండీ. నోట్లో సూదులున్నాయి, లేకపోతే బాగానే మాట్లాడుతుంది” అంది.

టైలరక్క సూదులు తీయబోయేలోపు గుమ్మంలో రెండు నీడలు పడ్డాయి. కిరాణా కొట్టు బాబాయి, వెనకాలే రిటైరైన హెడ్మాస్టరు. ఇద్దరూ దారిన పోతూ అనుకోకుండా తొంగిచూసినట్టు మొహాలు పెట్టారు. అంత అనుకోకుండా రావడానికి వాళ్ళు అరగంట నుంచి ఎదురు కొట్టు అరుగు మీద కాచుకుని ఉన్నారు.

నిన్న ఇదే కొట్టులో వీధి పెద్దలంతా కూర్చుని తేల్చిన ఉపాయం ఇది. ఏమీ జరగలేదనే కదా ఆవిడ అంటోంది, జరిగిందని చెబుదాం. మనిషికో దొంగతనం. బాబాయికి పంచదార బస్తా, మాస్టారికి చేతి గడియారం, టైలరక్కకి పెద్ద కత్తెర. ఎవరి వంతు వాళ్ళు బట్టీపట్టి రావాలని మాస్టారు పాఠం అప్పజెప్పించుకున్నారు కూడా.

“మేడమ్‌గారూ, మా వీధిలో దొంగలు హడలెత్తించేస్తున్నారండీ!” అంటూ బాబాయి మొదలుపెట్టాడు. “మొన్న మా కొట్టులో పంచదార బస్తా ఎత్తుకుపోయారు. నిండు బస్తా!”

ఇన్‌స్పెక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అది ఐదింటాయన రోజూ రెండు నిమిషాలు కూర్చునే స్టూలు. ఆవిడ చిన్న పుస్తకం తెరిచి, “ఎన్నింటికి?” అంది.

“సాయంత్రం ఆరు, ఆరుంపావు.”

“అప్పుడు మీ బీట్ కానిస్టేబుల్ ఎక్కడున్నాడు?”

“ఎక్కడుంటాడండీ, ఆ వేళకి మా కొట్టు ముందే ఉంటాడు! గడియారం తప్పినా ఆయన తప్పడు” అన్నాడు బాబాయి గర్వంగా.

“అంటే ఆయన కళ్ళెదుటే బస్తా పోయింది.”

బాబాయి బట్టీపట్టిన పాఠంలో ఈ ప్రశ్న లేదు.

“అయితే నడక ఆపడం కాదు, ముందు ఆయన మీద విచారణ వెయ్యాలి” అంటూ ఆవిడ రాసుకోవడం మొదలుపెట్టింది.

బాబాయి అడ్డం పడ్డాడు. “అయ్యో, పోలేదండీ! అంటే, పోయింది. పోయి మళ్ళీ వచ్చేసింది.”

“బస్తా?”

“ఆఁ... దొర్లుకుంటూ.”

పిన్ని సూది ఆగిపోయింది. ఈ లోపు మాస్టారు గొంతు సవరించుకుని పరువు నిలబెట్టడానికి ముందుకొచ్చారు. “వాడి బస్తా మాట వదిలెయ్యండి. నా చేతి గడియారం పోయిన మాట వాస్తవం. సోమవారం. సరిగ్గా ఎన్నింటికో చెప్తానుండండి...” అని ఎడంచెయ్యి ఎత్తి గడియారం చూసుకున్నారు. చూసుకున్నాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. నలభై ఏళ్ళు పిల్లల దొంగ సాకులు పట్టుకున్న మనిషి ఆయన.

టైలరక్క పెదాల మధ్య నుంచి ఒక్కొక్క సూదే తీసి దిండుకి గుచ్చింది. నాలుగూ గుచ్చాక లేచి నిలబడింది.

“మేడమ్, ఈ వీధిలో ఏదీ పోలేదండీ. వీళ్ళిద్దరూ అబద్ధం చెప్పారు. నేనూ చెబుదామనే కూర్చున్నాను. నా వంతు కత్తెర.” బల్ల సొరుగులో దాచిన కత్తెర తీసి బయట పెట్టింది. “పోయిందంటే ఆయనకి చెడ్డపేరు. పోలేదంటే ఆయన్ని తీసేస్తారు. మాకేం తోచలేదు. అందుకని ఇలా పప్పులో కాలేశాం.”

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం మూసింది. కోపంగా ఏం లేదు. అలసటగా ఉంది.

“చూడండమ్మా. నా దగ్గరున్నది పదకొండు మంది. చూడాల్సిన వీధులు నలభై. కొత్త కాలనీలో వారానికి రెండిళ్ళు పగులుతున్నాయి. వాళ్ళకీ పిల్లలున్నారు, వాళ్ళకీ భయాలున్నాయి. ఏమీ జరగని చోట మనిషిని పెట్టి, అన్నీ జరిగే చోట పెట్టకపోతే నన్నేమంటారు?”

“ఆయన తిరుగుతున్నాడు కాబట్టే కదండీ ఏమీ జరగట్లేదు!”

“అది మీరనుకోవడం. రోజూ గొడుగేసుకుని తిరిగి, నా గొడుగు వల్లే వాన రాలేదంటే నమ్ముతారా?” ఆవిడ రేకు పెట్టె వైపు చూసింది. “నేను నమ్మినా పైవాళ్ళు నమ్మరు. వాళ్ళకి కాగితం చూపించాలి. మీరు రాసిచ్చిన కాగితం ఏమంటోంది? క్షేమం, క్షేమం, క్షేమం. మీ చేత్తో మీరే రాశారు.”

ఆ మాట టైలరక్కకి గట్టిగా తగిలింది. నిజమే, తన చేత్తో తనే. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇరవై ఏళ్ళుగా మిషను తొక్కుతోంది, ఒక్క బట్టని తప్పు కత్తిరించి ఎరగదు. తీరా మనసుపెట్టి చేసిన పని ఇలా తయారైంది. ఏడుపొచ్చింది. పరాయి మనిషి ముందు ఏడవడం ఇష్టం లేక, బల్ల మీద ముక్కలు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. చివరింటి నర్సమ్మాయి, ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తెల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చింది. లోపల పోలీసు బట్టలు చూసి ఒక్కక్షణం తటపటాయించినా, గబగబా తన పని చెప్పేసింది.

“అక్కా, ఈ చేతులు పొడుగయ్యాయి, కాస్త మడిచి కుట్టు. తొందరేం లేదు. ఇవాళ నాకు సెలవు. రేపు డ్యూటీ దిగి ఏడింటికి వచ్చి తీసుకుంటా.”

టైలరక్క అలవాటు ప్రకారం కొలతల పుస్తకం లాక్కుంది. ఎవరు, ఏం బట్ట, ఏం కొలత, ఎప్పుడొచ్చి తీసుకుంటారు. ఆ ఆఖరిది కచ్చితంగా రాస్తుంది, లేకపోతే అనుకున్న వేళకి ముందే వచ్చి, కాలేదా అని దెబ్బలాడతారు. ‘నర్సమ్మాయి, తెల్లకోటు, చేతులు అంగుళం తక్కువ, రేపు ఏడింటికి’ అని రాసింది. రాసి ఆగిపోయింది. కలం కాగితం మీదే ఉండిపోయింది.

“ఏమైందక్కా?”

టైలరక్క బల్లెక్కి, పై అరలో దుమ్ము పట్టిన పాత కొలతల పుస్తకాలు నాలుగు కిందకి దించింది. తుమ్ముకుంటూ పేజీలు తిప్పింది. దొరికింది. వేలితో ఆ వరస చూపిస్తూ ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టింది.

“చదవండి మేడమ్. ఇది రెండేళ్ళ కిందటిది. ఇదే పిల్ల. ఇలాంటి కోటే.”

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. “నర్సమ్మాయి, తెల్లకోటు, నాన్న వస్తారు, నాలుగు లోపే.”

“దీని కింద చూడండి. ఆ తర్వాత రెండు నెలలకి.”

“నర్సమ్మాయి, కోటు, మనమే ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలి.”

నర్సమ్మాయి నెమ్మదిగా అంది. “అప్పుడే కదక్కా మలుపులో ఎవడో నా సంచి లాక్కుపోయింది. మళ్ళీ ఇటువైపు రావడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది.”

“ఇప్పుడివాళ్టిది చదవండి. రేపు ఏడింటికి. ఎవరొస్తున్నారు? తనే. ఒక్కతే.” టైలరక్క గొంతు లేచింది. ఇంక ఏడుపు లేదు, చేతులు చకచకా పేజీలు తిప్పుతున్నాయి. “ఈ పిల్లొక్కతే కాదు మేడమ్. అప్పటి పుస్తకం చూడండి. మూడింటికి, మూడున్నరకి, నాలుగు లోపే, తమ్ముణ్ణి పంపిస్తా, మా ఆయన వస్తాడు. ఐదు తర్వాత వస్తామన్న ఆడవాళ్ళు ఈ పుస్తకం మొత్తంలో ఇద్దరే. వాళ్ళొచ్చే రోజుల్లో తప్ప నాలుగున్నరకి నేనే షట్టరు దించేసేదాన్ని. పిన్నీ, అవునా కాదా?”

“దించి, లోపల్నించి బల్ల అడ్డం పెట్టేది. ఆ బల్ల నా కాలిమీద కూడా పడింది” అంది పిన్ని.

“ఇది ఆయన నడవడం మొదలైన నెల. ఇది తర్వాత నెల. ఐదున్నర. ఆరు. ఆరున్నర. ఇదిగో, మాస్టారి కోడలు ఏడున్నర అంది. నేను వాళ్ళని ఏమీ అడగలేదు మేడమ్. ఎప్పుడొస్తారు అని మాత్రం అడిగాను. వాళ్ళకి ఏ వేళకి ధైర్యముంటే ఆ వేళ చెప్పారు. దొంగ వచ్చాడా రాలేదా అన్నది మీరు రాసుకోండి. జనం బయటికి వచ్చారా లేదా అన్నది నా దగ్గరుంది.”

ఇన్‌స్పెక్టరమ్మ నాలుగు పుస్తకాలూ వరసగా ముందేసుకుంది. ఒక్కో పేజీ తిప్పుతూ, మధ్యమధ్యలో వెనక్కి వెళ్ళి పోల్చుకుంటూ చదువుతోంది. ఒకచోట వేలు ఆగింది. ‘మా అన్నయ్యని పంపిస్తా’ అని ఉందక్కడ.

“చిన్నప్పుడు మా వీధిలో నేనూ ఇంతే” అంది ఎవరితోనో అన్నట్టు. “పెన్సిల్ ముక్క కావాలన్నా అన్నయ్యని బతిమాలుకోవాలి. పోలీసుల్లో చేరింది ఆ బతిమాలుకోవడం భరించలేకే.” తర్వాత మళ్ళీ ఆఫీసరు గొంతు తెచ్చుకుంది. “ఈ పుస్తకాలు నాకు నాలుగు రోజులు కావాలి.”

“అయ్యో, కుదరదండీ! వీధిలో ఆడవాళ్ళందరి నడుం కొలతలూ ఉన్నాయందులో. బయటపడ్డాయంటే నన్ను బతకనిస్తారా?”

ఇన్‌స్పెక్టరమ్మ మొదటిసారి నవ్వింది. “సరే, కొలతల మీద కాగితం అడ్డం పెట్టి, వేళలున్న వైపు మాత్రం ఫోటో తీసుకుంటాను. నడుములు మా శాఖకి అవసరం లేదు.”

ఫోనుతో ఒక్కో పేజీ తీసుకుని ఆవిడ తన ఆఖరి మాట చెప్పింది. ఒకటో తారీఖు నుంచి నడక ఆగదు. ఆరు నెలల దాకా ఈ వీధి నడక జోలికి ఎవరూ రారు, ఆ పూచీ తనది. ఇంతే అంది. బాబాయి అయితే ఉన్నపళంగా మాస్టారిని కావలించుకున్నాడు. మాస్టారు, వదలరా, గడియారం విరుగుతుంది, అంటున్నా వదల్లేదు. నర్సమ్మాయి చప్పట్లు కొట్టింది. ముగ్గురూ వీధిలోకి పరిగెత్తారు. రెండు నిమిషాల్లో గుమ్మం గుమ్మానికీ కబురు చేరిపోవడం, పైనుంచి ఎవరో ఈలవెయ్యడం కొట్టులోకి వినపడింది. టైలరక్క మిషను పట్టుకుని నిలబడింది. కడుపు నిండినట్టుంది ఆమెకి. ఇంత సంతోషం తను కుట్టిన ఏ బట్టా ఎప్పుడూ ఇవ్వలేదు.

“అమ్మా, లేవబోకండి. ఆ గుండీ ఊడిపోతోంది, రెండు కుట్లు వేసిస్తా” అంది పిన్ని ఇన్‌స్పెక్టరమ్మతో. సూదిలో దారం ఎక్కిస్తూ, “మీ శాఖవాళ్ళకి గుండీలు నాసిరకంవి ఇస్తారనుకుంటా. మా ఐదింటాయనకి నెలకొకటైనా ఊడుతుంది. ఎప్పుడు చూడు, గుండీ కుట్టిపెట్టండి అంటూ వస్తాడు. పళ్ళతో పీకుతాడో ఏమో మరి” అంది.

“ఇది ఆరేళ్ళ నుంచి వేసుకుంటున్న చొక్కా. ఊడుతున్న మొదటి గుండీ ఇదే” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అని ఊరుకోలేదు. టైలరక్క వైపు తేరిపార చూసింది. తర్వాత జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీసింది.

“ఒక చిక్కుందమ్మా. ఇందాక వాళ్ళ ముందు చెప్పడం ఇష్టం లేకపోయింది. నడక నేను ఆపట్లేదు, సరే. కానీ బీట్ మార్చమని ఆయనే అర్జీ పెట్టుకున్నాడు. నిన్ననే.”

టైలరక్క మిషను వదిలి ముందుకొచ్చింది. “ఆయనా? ఎందుకూ?”

ఆవిడ చదివింది. “సదరు వీధిలో నాకు త్వరలో బంధుత్వం కలిసే అవకాశం ఉన్నందున.” కాగితం మడిచింది. “సొంతవాళ్ళున్న వీధిలో బీట్ చెయ్యకూడదన్నది మా రూలు. పేరు రాయలేదు. ఎలాగూ వస్తున్నాను కదా, ఎవరా అన్నదీ కనుక్కుందామనుకున్నాను.”

“కనుక్కున్నారా?” అంది పిన్ని, దారం కొరుకుతూ.

“కనుక్కున్నాననే అనుకుంటున్నాను.”

టైలరక్కకి ఇవేమీ తలకెక్కడం లేదు. “ఆయన వెళ్ళిపోతే ఇంకొకరిని పంపుతారు కదండీ?”

“ఎవర్ని? నడవమన్నామంటే మిగతా పదిమందీ మోకాళ్ళ నొప్పి సర్టిఫికెట్లు పట్టుకొస్తారు. ఇంతమందిలో ఇష్టపడి నడిచేవాడు ఆయనొక్కడే. ఆయనుంటే నడకుంటుంది. లేకపోతే బండే. అర్జీ మీద ఎల్లుండి సంతకం పెట్టాలి నేను. ఈ లోపు ఆయనే వెనక్కి తీసుకుంటే మరీ మంచిది.” గుండీ పెట్టుకుని చూసుకుంది. “గట్టిగా కుట్టారు పిన్నిగారూ.”

బండి వెళ్ళిపోయింది. వీధిలో పండగ చేసుకుంటున్న గోల వినపడుతూనే ఉంది. టైలరక్క మిషను ముందు కూర్చుంది కానీ కాలు ఆడలేదు.

బంధుత్వం కలుస్తుందట. ఎవరితో? తెలియకేం, కళ్ళెదుటే ఉంది. రోజూ ఏడింటికి బస్సు దిగిన నర్సమ్మాయిని మలుపు నుంచి ఇంటిదాకా దిగబెట్టేది ఎవరు? పోయినవారం ఇదే స్టూలు మీద కూర్చుని, ఆ అమ్మాయి బట్టలు కుట్టారా, అని అడిగింది ఎవరు? ఆయనకి నలభై దాటాయి, ఆ పిల్లకి ఇరవై నాలుగు. అయితేనేం, ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటున్నారు? మంచి పిల్ల. మంచి మనిషి. సంతోషించాల్సిన సంగతే. టైలరక్క సంతోషించడానికి నిజంగా ప్రయత్నించింది. కుదరలేదు. ఇంతకాలం వీధి కోసం పోట్లాడుతున్నాననే అనుకుంది, తనకోసమూ పోట్లాడుతున్న సంగతి ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం అనిపించి, కళ్ళు తుడుచుకుని కోటు చేతుల కుట్లు విప్పడం మొదలెట్టింది.

“ఒసేయ్, ఆ కోటుని నమిలేసేలా ఉన్నావు. ఇలా ఇయ్యి” అంది పిన్ని.

“నువ్వూరుకో పిన్నీ.”

“ఊరుకునే ఉన్నాను కదే, ఏడాది నుంచి.”

ఐదైంది. మలుపులో బూటు కిర్రుమన్న చప్పుడు. ఆయన కుడి బూటు ఎప్పుడూ కిర్రుమంటుంది. కొత్తది కొనుక్కోమంటే, ఇది విని అందరూ నేనొచ్చానని తెలుసుకుంటారు, ఉండనివ్వండి, అంటాడు. దారి పొడవునా జనం ఆయన్ని ఆపి కబురు చెబుతున్నారు. బాబాయి గొంతు అందరికంటే పైన వినపడుతోంది. “మీరెక్కడికీ పోవట్లేదు సార్! మా టైలరమ్మాయి తేల్చేసింది!”

ఐదింటాయన లోపలికి వచ్చాడు. కబురు విన్న మనిషి మొహంలో కనపడాల్సిన సంతోషం కనపడలేదు. స్టూలు మీద కూర్చోలేదు కూడా. రేకు పెట్టెలోంచి బీట్ పుస్తకం తీసి, వేళ వేసి, సంతకం పెట్టాడు. రోజూ అయితే పుస్తకం ఇటు తిప్పి జరుపుతాడు. ఇవాళ తిప్పలేదు.

“ఈ గడి ఇవాళ నేను రాయొచ్చా అండీ?” అన్నాడు.

“విశేషాలు ఇంటివాళ్ళే రాయాలి” అంది టైలరక్క, కోటు మీంచి తల ఎత్తకుండా.

“నిజమే. ఇవాళ్టి విశేషం మాత్రం నాది.”

ఆయన చాలాసేపు రాశాడు. గడి చాలక అక్షరాలు చిన్నవి చేసుకుంటూ, మార్జిన్లోకి ఎక్కిస్తూ రాశాడు. పుస్తకం మూసి రెండు చేతులతో బల్లమీద పెట్టాడు. “తొందరేమీ లేదండీ. ఎనిమిదింటికి తిరిగి వస్తాను” అని, పిన్ని వైపు చూడకుండా పిన్నికి నమస్కారం పెట్టి బయటికి నడిచాడు. నడకలో తేడా ఏం లేదు కానీ, గుమ్మం దాటేటప్పుడు టోపీ పైకమ్మికి తగిలి కింద పడబోయింది.

టైలరక్క పుస్తకం తెరిచింది. కోడిగీతల్లాంటి రాత. రిపోర్టు రాసే భాష తప్ప ఆయనకి వేరే రాత రాదు.

‘గత ఏడాదిగా నా చొక్కా గుండీలు పదమూడు ఊడినవి. అవి వాటంతట అవి ఊడలేదు. నేనే తెంపితిని. బీట్ మార్పు అర్జీకి కారణం ఈ ఇంటివారే. అడగకుండా అర్జీ పెట్టినందుకు క్షమించగలరు. ధైర్యం చాలక ముందు కాగితం పెట్టి తర్వాత అడుగుతున్నాను. సమ్మతమైతే పక్క గడిలో సంతకం చేయగలరు. కానిచో రోజూలాగే క్షేమం అని రాయగలరు. అర్జీ వెనక్కి తీసుకుని రోజూలాగే వస్తాను. ఎప్పటికీ ఏమీ అడగను.’

రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో తనని ఎవరూ ఏదీ ఇలా అడగలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, పదమూడు గుండీలూ తను కుట్టినవే అని గుర్తొచ్చి మళ్ళీ నవ్వొచ్చింది. చెయ్యి తనంతట తనే కలం అందుకుని, ఇంటివారి సంతకం అన్న గడి మీదకి వెళ్ళింది.

“అమ్మాయ్!” బాబాయి గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో టీ గ్లాసు. వెనకాల మాస్టారి కోడలు, పై వాటా పిల్లలు, తెల్లకోటు కోసం కాకుండా ఊరికే కబుర్లకొచ్చిన నర్సమ్మాయి. “ఈ టీ మా అందరి తరఫునా. నువ్వుండబట్టి కదా ఆయన మాకు దక్కాడు. ఇంక మా ఆడపిల్లలు ఎన్నింటికి ఇంటికొచ్చినా నాకు దిగులు లేదు.”

టైలరక్క పుస్తకం గుండెలకి ఆనించుకుని మూసేసింది. టీ అందుకుంది. వాళ్ళందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. సంతకం పెడితే ఎల్లుండి నుంచి ఈ వీధికి ఐదింటాయన ఉండడు. బండి వచ్చి పోతుంది. కొలతల పుస్తకంలో నాలుగు లోపే, నాన్న వస్తారు, అన్న మాటలు మళ్ళీ తనే రాసుకోవాలి. క్షేమం అని రాస్తే రోజూ ఐదింటికి ఆ బూటు కిర్రుమంటుంది. అంతకు మించి ఇంకేమీ ఉండదు.

వాళ్ళు వెళ్ళాక పిన్ని సూది పక్కన పెట్టి, ఏడాదిగా ఊరుకున్న మనిషి, నెమ్మదిగా అడిగింది. “ఏం రాశాడే?”

టైలరక్క పుస్తకం తెరిచి బల్లమీద పెట్టి, కలం మూత తీసింది. ఎనిమిది కావడానికి ఇంకా రెండున్నర గంటలుంది.